దారం కొలిచిన దూరం

ఎల్లోనైఫ్,
జులై 10, 1961.

మరదలు డోరీన్‌కి,

ముందుగా ఈ ఉత్తరం మోసుకొచ్చే పెద్దమనిషికి ఒక మాట. ఒరే గన్నార్, కవరు విప్పావంటే చెవి మెలేస్తాను. నలభై ఏళ్ళొచ్చినా, విమానం నడిపినా నువ్వు నాకు తమ్ముడివే.

ఇక మన సంగతి. ఈ ఊళ్ళో నా పరువు పోయింది డోరీన్. జూన్‌లో మీ ఆయన యాభై నిమిషాలు ఆలస్యమయ్యాడని నేను పోలీసుల దగ్గరికి పరిగెత్తడం, వాళ్ళు రెండు విమానాలు పంపడం, తీరా చూస్తే ఈయనగారు ఫోర్ట్ సింప్సన్‌లో ఆసుపత్రి నర్సమ్మ వంటింట్లో కూర్చుని ఆవిడ కాల్చిన ఆపిల్ పై రెండో ముక్క తింటూ కనిపించడం నీకు తెలిసిందే. ఇంజను బాగుచేసుకుంటున్నాడట, మధ్యలో ఆకలేసిందట! నెల దాటినా జనం నన్ను వదలడం లేదు. బేకరీకి రొట్టెల కోసం వచ్చే ప్రతి గని కార్మికుడూ "సిగ్రున్ అక్కా, టైమెంతయింది? పోలీసుల్ని పిలవమంటావా?" అంటాడు. నిన్న ఒకడు ఆపిల్ పై ముక్క ఒకటి ఎత్తి చూపించి "దీన్ని వెతకడానికి ఎన్ని విమానాలు కావాలి?" అన్నాడు. వాడికి మొన్నటి రొట్టె కట్టిచ్చి పంపాను.

నాకంటే గన్నార్‌కే ఎక్కువ తగిలింది. వాళ్ళ విమాన కంపెనీ యజమాని పెండర్ వాణ్ణి పదిమందిలో నిలబెట్టి, ఇంకోసారి ఇలా జరిగితే ఇంట్లో కూర్చోవచ్చన్నాడట. ఆకాశం లేకపోతే మా వాడు ఏమైపోతాడో నీకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే వాడే నన్ను అడిగాడు. "అక్కా, తంతిలో చెప్పిన గంట దాటాక ఇంకో రెండు గంటలు ఆగు. అప్పటికీ రాకపోతేనే ఎవరికైనా చెప్పు" అన్నాడు. సరేనన్నాను. ప్రతి సోమవారం పొద్దున నువ్వు పంపే తంతి కాగితాన్ని వంటింటి గడియారం పక్కన మేకుకి గుచ్చుతాను కదా, ఎప్పుడు బయల్దేరాడు, ఏ దారిన వస్తున్నాడు, ఎప్పటికి చేరాలి అని. ఇప్పుడు దాని కింద పెన్సిలుతో "ఇంకో రెండు" అని రాసుకుంటున్నాను.

మీ ఊళ్ళో ఎండు ప్లమ్ పళ్ళు దొరికితే రెండు పౌన్లు పంపు. అమ్మ చేసినట్టు ఏడు పొరల కేకు చేద్దామంటే ఇక్కడ కొట్లో ఉన్నవి తోలు ముక్కల్లా ఉన్నాయి.

నీ ఆడపడుచు,
సిగ్రున్

వైట్‌హార్స్,
జులై 16, 1961.

వదినగారికి,

ప్లమ్ పళ్ళు మూడు పౌన్లు పంపుతున్నాను. దారిలో ఆయన తినకుండా సంచి నోరు కుట్టేశాను.

మీ ఉత్తరంలో "రెండు గంటలు" అన్న మాట చదివి కాగితం మీద లెక్క వేసి చూశాను. నేను ఒకటి చెప్పాలి. జూన్ తర్వాత తంతిలో నేను పంపేది ఆయన చెప్పిన గంట కాదు. ఆయన అయిదు అంటే నేను ఆరు అని పంపుతున్నాను, మళ్ళీ నవ్వులపాలు కాకూడదని. ఆ అయిదు కూడా ఆయన ఒక గంట పెంచి చెప్పేదే. పైలట్లందరికీ ఉన్న అలవాటే అది. అంటే నాలుగింటికి రావలసిన మనిషి కోసం మీరు ఎనిమిదింటిదాకా కదలరు. ముగ్గురం ఒకరికి తెలియకుండా ఒకరం నాలుగు గంటలు పోగేశాం వదినా. వేసవిలో ఫరవాలేదు, పదింటికీ వెలుగుంటుంది. అక్టోబరులో ఆరింటికే చీకటి పడుతుంది.

దయచేసి మీ రెండు గంటలూ తీసేయండి. నా ఒక్క గంట చాలు. జూన్‌లో మీరు తొందరపడ్డారని నేను అనడం లేదు. కానీ ఇప్పుడు మరీ నిదానించవద్దు.

మాది సస్కాచువాన్, అంతా చదును నేల. అక్కడ బస్సు వస్తుంటే నాలుగు మైళ్ళ అవతలే దుమ్ము కనిపిస్తుంది. ఎదురుచూడటం నేను అలా నేర్చుకున్నాను. ఇక్కడ ఆయన నీటి మీది విమానం రేవులోంచి లేచిన అయిదు నిమిషాలకి కొండ అడ్డం వస్తుంది. ఆ తర్వాత ఏమీ కనిపించదు.

మీ మరదలు,
డోరీన్

ఎల్లోనైఫ్,
జులై 26, 1961.

డోరీన్‌కి,

పళ్ళు అందాయి. కేకు బాగా కుదిరింది. సగం నీకు పంపుతున్నాను.

"తొందరపడ్డారని అనడం లేదు" అంటూనే అన్నావు. అనేటప్పుడు సూటిగా అను, పడతాను. అక్కడ నిన్నెవరూ టైమెంతయిందని అడగరు. ఇక్కడ చర్చిలో పాస్టరుగారు కూడా చేతి గడియారం చూసుకుని నావైపు నవ్వారు. నేను మళ్ళీ తప్పుగా గోల చేస్తే పోయేది నా పరువు కాదు, వాడి ఉద్యోగం. వాడు నోరు తెరిచి అడిగిన సాయం అదొక్కటే. వాడికి పదేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పట్నుంచీ వాడు నన్ను అడిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నా రెండు గంటలూ నేను తీయను. కావాలంటే నీ గంట నువ్వు తీసుకో.

కోపంగా రాశాననుకోకు. కోపంగానే రాశాను, కానీ కేకు పంపుతున్నానుగా.

సిగ్రున్

వైట్‌హార్స్,
సెప్టెంబరు 3, 1961.

వదినగారికి,

మీరు కోప్పడ్డారని నేను కోపగించుకుని ఇన్నాళ్ళూ పళ్ళూ కేకులే గాని మాటలు పంపలేదు. ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఎడ్మంటన్ కంపెనీ ఒకటి పెద్ద విమానాన్ని మీ ఊరికీ మా ఊరికీ మధ్య తిప్పుతానని ముందుకొచ్చింది. దాంతో పెండర్‌కి నిద్ర పట్టడం లేదు. పోయినవారం ఆఫీసు గోడ మీది పటంలో మా ఊరి దగ్గర ఒక గుండుసూది, మీ ఊరి దగ్గర ఒక గుండుసూది గుచ్చి, మధ్య ఎర్ర దారం బిగించి కట్టాడు. దారాన్ని స్కేలు పెట్టి కొలిచాడు. ఆరువందల తొంభై మైళ్ళు వచ్చింది. విమానం వేగంతో భాగిస్తే ఆరు గంటల ఇరవై నిమిషాలు. మర్నాటికల్లా రేవులో పలక పెట్టించాడు, "ఎల్లోనైఫ్: 690 మైళ్ళు, 6 గంటల 20 నిమిషాలు" అని ఎర్ర రంగుతో.

గన్నార్ అది చూసి గట్టిగా నవ్వారు. "దారానికేం, దానికి కొండలున్నాయని తెలీదు. నేను నది వెంటే పోతా. ఎనిమిదొందల మైళ్ళు, వాట్సన్ లేక్‌లో ఒకసారి, సింప్సన్‌లో ఒకసారి పెట్రోలు. మొత్తం తొమ్మిది గంటలు. వినాలంటే విను, లేకపోతే ఆ దారాన్నే నడుపుకో" అని పెండర్ మొహం మీదే అన్నారట. అప్పుడు నాకు ధైర్యంగా అనిపించింది.

ఇప్పుడు అనిపించడం లేదు. ఈ గురువారం ఆయన మీ ఊరినుంచి రెండున్నర గంటలు ముందే వచ్చేశారు. తూర్పు గాలి వెనకనుంచి తోసిందన్నారు. పెండర్ రేవులోనే ఆయన భుజం తట్టాడు. ఆయన నా మొహం వైపు చూడలేదు. మీ ఊరికి వచ్చినప్పుడు ఎలా ఉంటున్నారో కాస్త గమనించి రాయండి.

డోరీన్

ఎల్లోనైఫ్,
సెప్టెంబరు 20, 1961.

అమ్మాయ్ డోరీన్,

నీ ఉత్తరం చూసి నా కోపం ఎప్పుడో పోయింది. అసలు పెద్దగా రాలేదు కూడా.

నీకెందుకంత దిగులు? మా తమ్ముడికి కొత్తగా రెక్కలొచ్చాయి! ఈ సోమవారం మూడింటికే దిగాడు. నేనింకా పిండి చేతులతోనే ఉన్నాను. పడమటి గాలి వెనకనుంచి తరిమిందన్నాడు. మూడు వారాలుగా ఇదే వరస. ఇంత ముందొస్తే నీ తంతికీ, నా గడియారానికీ పనే లేదు. టైమెంతయిందని అడిగేవాళ్ళ నోళ్ళు మూతపడ్డాయి.

గమనించమన్నావు కాబట్టి రాస్తున్నాను. విమానం కింద పడవల్లా రెండు ఉంటాయి కదా, నీళ్ళ మీద నిలబెట్టేవి, వాటి మధ్య కడ్డీలో పచ్చి స్ప్రూస్ రెమ్మ ఇరుక్కుని ఉంది. "ఆకాశంలో చెట్లెక్కడివిరా?" అన్నాను. "ఒక చెరువులో దిగానులే అక్కా" అన్నాడు. కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నాడు. అది చల్లారేదాకా వదల్లేదు. చలేమోలే. సూపు తాగి బల్ల మీదే తల పెట్టుకుని నిద్రపోయాడు. చిన్నప్పుడు మానిటోబాలో చేపల వలల దగ్గర అలాగే నిద్రపోయేవాడు.

కేకు పంపుతున్నాను, ఈసారి పొరలు సరిగ్గా రాలేదు.

సిగ్రున్

వైట్‌హార్స్,
అక్టోబరు 4, 1961. బుధవారం.

వదినా,

ఈ ఉత్తరం చదివాక పొయ్యిలో వేసేయండి.

మీకు పడమటి గాలి అని చెప్పారు. నాకు తూర్పు గాలి అని చెప్పారు. ఒకే వారంలో వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ వెనకనుంచే వీచే గాలి ఎక్కడా ఉండదు. మీ ఉత్తరం చదివిన రోజే అర్థమైంది. పోయిన శనివారం ఆయన స్నానం చేస్తుంటే ఆయన పటం తీసి చూశాను. దాని మీద పెన్సిలు గీత ఉంది. నది వెంట కాదు. పెండర్ కట్టిన దారం ఎలా ఉందో అలాగే, తిన్నగా కొండల మీదుగా.

అడిగాను. ఒప్పుకున్నారు. "నేను చేయకపోతే చేసేవాడు ఇంకొకడున్నాడన్నాడు పెండర్. రెండో వరస కొండల్లో ఒక కనుమ ఉంది, అందులోంచి దూరితే చాలు. మబ్బు కిందికి దిగినప్పుడే కాస్త కష్టం" అన్నారు. సింప్సన్ చేరేసరికి పెట్రోలు దాదాపు అడుగంటుతుందట. ఆ దారిన వెళ్ళడానికి అనుమతి లేదు. కాగితాల మీద, నా తంతిలో, ఇప్పటికీ నది దారే రాస్తున్నాం. తెలిస్తే ముందు పోయేది ఆయన లైసెన్సు. వచ్చే సోమవారం తొమ్మిదో తారీకుదే ఈ ఏటికి ఆఖరి ప్రయాణం, ఆ తర్వాత చెరువులు గడ్డకడతాయి. "ఆ ఒక్కటీ అయిపోనీ డోరీన్, వసంతానికి వేరే పని చూసుకుంటా" అని ఒట్టు వేశారు.

అందుకే మీకు రాస్తున్నాను. సోమవారం ఆయన రాకపోతే నది వెంట వెతకనివ్వకండి. పటంలో నహానీ నది మొదలయ్యే చోట, రెండో వరస కొండల వెనక, సన్నగా పొడుగ్గా ఒక చెరువు ఉంది. దాని తూర్పు కొసన కనుమ. వెనక కాగితం మీద గీసి చూపించాను. అక్కడ వెతకమని చెప్పండి. నా పేరు తేవద్దు, పెన్సిలు గీత మాట అనవద్దు. మీ ఊహగా చెప్పండి. జూన్‌లో నవ్వినవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ రెండు గంటలూ కలపకండి.

తంతిలో ఇదంతా రాయలేను, పదిమంది చదువుతారు. రేడియో ఫోనైతే ఊరంతా వింటుంది. ఆయన చేతికి ఇవ్వలేను. అందుకని మొదటిసారి మన ఉత్తరాన్ని మిసెస్ క్రిట్ కొట్లో ఉన్న టపా పెట్టెలో వేస్తున్నాను. రేపటి పెద్ద విమానంలో ఎడ్మంటన్ మీదుగా శనివారానికి మీకు చేరుతుంది. ఆయన బయల్దేరడానికి రెండు రోజులు ముందే.

మీ
డోరీన్

ఎల్లోనైఫ్,
అక్టోబరు 7, 1961. శనివారం.

అమ్మాయ్ డోరీన్,

ఈ వారం నీ నుంచి అక్షరం ముక్క లేదు. ఇవాళ టపా ఆఫీసుకి కూడా వెళ్ళి అడిగొచ్చాను, ఎందుకో వెళ్ళాలనిపించింది. మళ్ళీ అలిగావా? కేకు పొరలు సరిగ్గా రాలేదనా? గన్నార్ చేతికిస్తే ఇది వచ్చే గురువారంగాని నీకందదు. అందుకే టపాలో వేస్తున్నాను, ఎప్పుడు చేరితే అప్పుడే చదువుకో.

ఇక్కడ నీటి అంచున గాజు పలక మందాన మంచు కట్టింది. పొద్దున కర్రతో పొడిస్తే పగిలింది. రాత్రంతా కుక్కలు అరిచాయి. ఊరికే దిగులుగా ఉంది, వయసు మీద పడుతోందేమో. సోమవారం వాడు రాగానే గట్టిగా నాలుగు తిట్టి, ఇక చాలు, పద్దెనిమిదేళ్ళు ఎగిరావు, దిగు అని చెబుదామనుకుంటున్నాను.

వాడికిష్టమని గొర్రె మాంసం సూపు పెడుతున్నాను.

సిగ్రున్

వైట్‌హార్స్,
అక్టోబరు 12, 1961. గురువారం.

వదినా,

మంగళవారం పొద్దున మీ తంతి వచ్చింది. "రాలేదు. వెతుకుతున్నారు" అని. కానీ మీకు ఎక్కడ వెతకాలో తెలుసు కదా అన్న ఒక్క ధైర్యంతో నిలబడి ఉన్నాను. ఇక్కడి పోలీసాయన వచ్చి ఏ దారిన వెళ్ళాడమ్మా అని అడిగాడు. కాగితంలో ఉన్నదే చెప్పాను. వాట్సన్ లేక్‌లో దిగలేదని తేలిందట, అందుకని ఇటువైపు నది వెంట చూస్తున్నామన్నాడు. ఇటు వీళ్ళు చూస్తే చూడనీ, అటునుంచి మీరు పంపినవాళ్ళు చెరువు దగ్గరికి వెళ్ళే ఉంటారనుకున్నాను. ఇవాళో రేపో దొరుకుతారు, లైసెన్సూ మిగులుతుంది, నేను నోరు విప్పి చెడగొట్టకూడదు అనుకున్నాను. మూడు రోజులు అలాగే అనుకున్నాను.

ఎందుకింకా దొరకలేదు వదినా? ఆ చెరువు అంత పెద్దదేం కాదు. గీత సరిగ్గానే గీశాను కదా? కనుమ తూర్పు కొసనే అని

(సాయంత్రం)

ఇప్పుడే మీ ఏడో తారీకు ఉత్తరం వచ్చింది. "అక్షరం ముక్క లేదు" అని ఉంది అందులో.

మిసెస్ క్రిట్ కొట్టుకి చెప్పులు లేకుండా పరిగెత్తాను. ఆవిడ తెల్లబోయి చూసింది. "అదా? నీ రాత చూసి గుర్తుపట్టానమ్మా. మీ ఇద్దరి ఉత్తరాలూ ఎప్పుడూ గన్నారేగా మోసేది! ఎడ్మంటన్ అంతా తిరిగి పోవడమెందుకు పాపం అని పక్కన తీసిపెట్టి, సోమవారం తెల్లారి అతని సంచిలో నేనే వేశాను. తిన్నగా పోతుందిగా అని" అంది. సాయం చేశానని ఆవిడ మొహం వెలిగిపోతోంది.

పోలీసు స్టేషన్‌కి వెళ్ళి అంతా చెప్పేశాను. పటం మీద చూపించాను. అక్కడి పెద్దాయన క్యాలెండరులో తేదీలు లెక్కపెట్టాడు. తర్వాత "నాలుగు రోజులమ్మా" అన్నాడు. రేపు మంచు తుఫాను వస్తుందట. నేనేం చేశాను వదినా?

డోరీన్

ఎల్లోనైఫ్,
అక్టోబరు 23, 1961. సోమవారం.

డోరీన్,

శనివారం పద్నాలుగో తారీకున వాడు దొరికాడని నీకు వాళ్ళు చెప్పారు. ఎలా దొరికాడో సరిగ్గా చెప్పి ఉండరు. పెద్దదాన్ని, దాచిపెట్టి నిన్ను కాపాడదామా అని రెండు రోజులు ఆలోచించాను. కానీ మనం దాచుకున్నవి చాలు.

నువ్వు గీసిన చోటే. చెరువు కొసన, కనుమ కింద. మబ్బులో దారి మూసుకుపోయి వెనక్కి తిరగబోయి చెట్ల మీద దిగాడు. కాలు విరిగింది. పడ్డప్పుడు పోలేదు.

టపా సంచి వాడి వీపు వెనక పొడిగా ఉంది. నలభై ఒక్క ఉత్తరాలు. అగ్గిపెట్టె జేబులోనే ఉంది. కొమ్మలు కాల్చాడు, సీటు గుడ్డ కాల్చాడు, తన పటం కాల్చాడు. ఊరివాళ్ళ ఉత్తరం ఒక్కటి కాల్చలేదు, ఒక్కటి విప్పలేదు, మనది తప్ప. కవరు మీద నీ రాత చూసి ఉంటాడు. చెవి మెలేస్తానన్నాను కదా, అయినా విప్పాడు. విప్పి చదివాడు డోరీన్. తను ఎక్కడున్నాడో నాకు చెప్పే కాగితం తన ఒళ్ళోనే ఉందని వాడికి తెలిసింది.

ఇవాళ పొద్దున పోలీసాయన తెచ్చి నా చేతిలో పెట్టాడు. తడిసి ఆరి బిరుసుగా ఉంది. నీ ఉత్తరం నాకు చేరింది. పంతొమ్మిది రోజులు పట్టింది.

వెనక వాడు పెన్సిలుతో రాసింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "అక్కా, డోరీన్ చోటు సరిగ్గానే చెప్పింది. దాన్నేమీ అనకు. రెండు గంటలు ఆగమన్నది నేనే, నిన్నెవరూ ఏమీ అనకూడదు. విమానం చప్పుడు వినబడుతోంది, నది వైపు." దాని కింద రోజుకొకటి చొప్పున గీతలు పెట్టుకున్నాడు. అయిదు ఉన్నాయి. అయిదోది సగంలో ఆగింది.

నువ్వు మూడు రోజులు నోరు విప్పలేదు. నేను ఆ సోమవారం ఎనిమిదింటిదాకా సూపు వేడి చేసుకుంటూ గడియారం ముందు కూర్చున్నాను. మూడింటికే వస్తున్నవాడు రాలేదని అయిదింటికే చెప్పి ఉంటే వాట్సన్‌లో దిగలేదన్నది ఆ సాయంత్రమే తేలేది. ఎవరిది ఎక్కువ, ఎవరిది తక్కువ అని నేను తూచను. నువ్వూ తూచకు. నాకు ఏడుపు రావడం లేదు, రొట్టెలు చేస్తున్నాను. బేకరీలో ఇప్పుడెవరూ నన్ను టైమెంతయిందని అడగడం లేదు. అడిగితే బాగుండుననిపిస్తోంది.

ఇక్కడి రేవులో కూడా పెండర్ పలక పెట్టించాడు, 690 మైళ్ళు, 6 గంటల 20 నిమిషాలు అని. నిన్న గొడ్డలి తీసుకెళ్ళి దాన్ని కొట్టేశాను. అక్కడున్న మగాళ్ళు చూస్తూ నిలబడ్డారు, ఒక్కడూ అడ్డం రాలేదు.

వాణ్ణి ఇక్కడే, చర్చి వెనక పెడదామన్నావట. సరే. రా. ఏ రోజున, ఏ దారిన, ఎన్ని గంటలకి చేరతావో తంతిలో పంపు. ఉన్నదున్నట్టు పంపు, ఏమీ పెంచకు. కాగితాన్ని ఆ మేకుకే గుచ్చుతాను. ఆ గంటకి రేవు మీద ఉంటాను. ఒక్క నిమిషం కూడా కలపను.

నీ
సిగ్రున్